క్యాన్సర్ చికిత్స సగంలో ఉండగా హెల్త్ పాలసీ రద్దు చేశారు, ఏం చేయాలి?

హనుమకొండ_కిరణ్

అందరికీ నమస్కారం. మా అమ్మకి 58 ఏళ్లు. నిరుడు రొమ్ము క్యాన్సర్ బయటపడింది, హెర్2 పాజిటివ్ రకం. ఆపరేషన్ అయింది, కీమో అయింది. ఇప్పుడు మూడు వారాలకోసారి ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందు ఎక్కిస్తున్నారు. ఏడాది పాటు ఇవ్వాలన్నారు, దాదాపు సగం అయింది. ఇంతవరకూ ప్రతిసారీ క్యాష్‌లెస్ వచ్చింది, అంటే బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టేది. పోయిన వారం డే కేర్‌లో అమ్మకి క్యాన్యులా (మందు ఎక్కించే సూది గొట్టం) పెట్టేశాక ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లు పిలిచి ప్రీ-ఆథ్ (కంపెనీ ముందస్తు అనుమతి) రిజెక్ట్ అయిందన్నారు. ఆ రోజుకి చేతి డబ్బు కట్టి మందు ఎక్కించాం.

మర్నాడు కంపెనీ నుంచి ఉత్తరం మెయిల్లో వచ్చింది. పాలసీ తీసుకునే నాటికే అధిక రక్తపోటు ఉందని, ఆ సంగతి ప్రపోజల్ ఫారంలో (పాలసీ దరఖాస్తులో) చెప్పలేదని, అందుకని పాలసీ రద్దు చేస్తున్నామని, ఉత్తరం తేదీ నుంచి 15 రోజుల తర్వాత కవరేజీ ఉండదని, ప్రీమియం వెనక్కి ఇవ్వమని రాశారు. బీపీకీ రొమ్ము క్యాన్సర్‌కీ ఏం సంబంధం? ఇన్ని క్లెయిములు ఇచ్చినప్పుడు కనపడని బీపీ ఇప్పుడెలా కనపడింది? అమ్మకి ఇంకా చెప్పలేదు. ఎవరికైనా ఇలా జరిగితే దారి చెప్పండి.

బందరు_శ్రీను

చదువుతుంటేనే కడుపు తరుక్కుపోతోంది అన్నా. నాకు తెలిసినంతలో పాలసీ తీసుకుని మూడేళ్లు దాటితే ఏ కారణం చూపించీ ప్రశ్నించకూడదని బీమా చట్టం సెక్షన్ 45లో ఉంది. అదే రాసి పంపండి.

బీమా_రిటైర్డ్

శ్రీను గారూ, సెక్షన్ 45 జీవిత బీమాకి మాత్రమే. దాన్ని పట్టుకుని ఉత్తరం రాస్తే ఇతనికి నిబంధనలు తెలియవని కంపెనీకి మొదటి వాక్యంలోనే అర్థమైపోతుంది. ఆరోగ్య బీమాకి వేరే రక్షణ ఉంది, మారటోరియం అంటారు. అది చెప్పేముందు కిరణ్ గారి నుంచి కొన్ని సంగతులు కావాలి. ఈ పాలసీ మొదటి నుంచీ ఇదే కంపెనీలో ఉందా, వేరే కంపెనీ నుంచి పోర్ట్ చేశారా (మార్చుకున్నారా)? మొట్టమొదటి పాలసీ ఏ సంవత్సరం? అప్పుడు సమ్ ఇన్సూర్డ్ (బీమా మొత్తం) ఎంత, ఇప్పుడెంత? మధ్యలో ఎప్పుడైనా రెన్యూవల్ తప్పిందా? బీపీ సంగతి వాళ్లు ఏ కాగితం చూసి రాశారు?

ఇంకో మాట. కంపెనీ పేరు గానీ ఆస్పత్రి పేరు గానీ ఇక్కడ రాయకండి. పోరాటం కాగితాల మీద జరగాలి.

హనుమకొండ_కిరణ్

థాంక్యూ సార్. మొదటి పాలసీ 2016లో వేరే కంపెనీలో, 3 లక్షలకి తీసుకున్నాం. 2022లో ఈ కంపెనీకి పోర్ట్ చేశాం, అప్పుడే 10 లక్షలకి పెంచాం. రెన్యూవల్ ఎప్పుడూ తప్పలేదు, రసీదులన్నీ ఉన్నాయి. బీపీ సంగతి ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీలో ఉంది, 'ఎనిమిదేళ్లుగా బీపీ' అని. అమ్మని రాత్రిపూట చేర్పించాం. జూనియర్ డాక్టర్ అడిగితే నాన్న 'ఏడెనిమిదేళ్ల నుంచి ఉందనుకుంటా' అన్నారట. అసలు అమ్మకి బీపీ మాత్ర మొదలుపెట్టింది 2023లో.

బీమా_రిటైర్డ్

మీరు పెట్టిన ఈ నాలుగు ముక్కల్లోనే సగం జవాబు ఉంది కిరణ్ గారూ. ధైర్యంగా ఉండండి.

మారటోరియం అంటే ఇదీ. పాలసీ 60 నెలలు ఆగకుండా నడిస్తే, ఆ తర్వాత 'చెప్పలేదు', 'తప్పు చెప్పారు' అనే కారణాలతో పాలసీని గానీ క్లెయిమ్‌ని గానీ ప్రశ్నించకూడదు. మోసం చేశారని రుజువైతేనే మినహాయింపు. 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) నిబంధన ఇది. అంతకుముందు ఈ గడువు 8 ఏళ్లు. మీది 2016 నుంచి నడుస్తోంది కాబట్టి పాత లెక్కలో చూసినా, కొత్త లెక్కలో చూసినా దాటిపోయింది. '2022లో మా దగ్గర చేరారు కాబట్టి అప్పటి నుంచే లెక్క' అని కంపెనీ అనుకుని ఉంటుంది. కుదరదు. పోర్ట్ చేసిన పాలసీకి పాత కంపెనీలో గడిచిన కాలమూ కలుస్తుంది.

అయితే ఒక మెలిక ఉంది, ముందే తెలియడం మంచిది. ఈ రక్షణ మొదట తీసుకున్న మొత్తానికి పూర్తిగా వర్తిస్తుంది. పెంచిన మొత్తానికి పెంచిన తేదీ నుంచి మళ్లీ 60 నెలలు లెక్కపెడతారు. అంటే మీ 3 లక్షలని వాళ్లు ముట్టుకోలేరు. 2022లో కలిపిన 7 లక్షల మీద వాళ్లకి ఇంకా ప్రశ్నించే హక్కు ఉంది. కాబట్టి ఉత్తరంలో రెండు వాదనలూ ఉండాలి. మొదటిది మారటోరియం, దాంతో పాలసీ మొత్తంగా రద్దు చేయడం చెల్లదు. రెండోది అసలు 2022లో బీపీయే లేదు, దాచడమనే ప్రశ్నే రాదు. రెండోది నిలబెట్టాలంటే ఆ 'ఎనిమిదేళ్లు' అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తేలాలి.

ఇంకో రెండు సంగతులు. నోటీసు గడువు పూర్తయ్యేదాకా పాలసీ బతికే ఉంది, అలాంటప్పుడు ముందురోజే ప్రీ-ఆథ్ ఏ ఆధారంతో తిరస్కరించారో లిఖితపూర్వకంగా అడగండి. 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమూ తిరస్కరించకూడదు, ఏ షరతు కింద తిరస్కరించారో కూడా చెప్పాలి. ఆ కమిటీ ఏ తేదీన ఆమోదించిందో అడగండి. మీ ప్రపోజల్ ఫారం కాపీ, పోర్ట్ చేసినప్పుడు ఫోన్లో ఆరోగ్య ప్రశ్నలు అడిగి ఉంటే ఆ రికార్డింగ్ కూడా అడగండి. ఫోన్లో మాట్లాడి ఊరుకోకండి, అన్నీ మెయిల్లో.

స్టాఫ్‌నర్స్_విజయవాడ

కిరణ్ తమ్ముడూ, ఆంకాలజీ వార్డులో చాలాకాలంగా పనిచేస్తున్నాను. డిశ్చార్జ్ సమ్మరీలో రాసే పాత జబ్బుల చరిత్ర చాలాసార్లు అడ్మిషన్ రాత్రి ఎవరు దగ్గరుంటే వాళ్లు చెప్పిన మాటే. ఎవరూ ప్రిస్క్రిప్షన్ చూసి సరిపోల్చరు. ఒకసారి కేస్ షీట్‌లో పడ్డాక అదే లైను డిశ్చార్జ్‌కీ, ఆ తర్వాత ప్రతి సమ్మరీకీ ఎక్కేస్తుంది.

సమ్మరీ ఒక్కటే పట్టుకోవద్దు. మెడికల్ రికార్డ్స్ విభాగంలో దరఖాస్తు ఇచ్చి మొత్తం కేస్ షీట్ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. అందులో పీఏసీ షీట్ వెతకండి. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ తనంతట తను కూర్చుని అడిగి రాసుకునే కాగితం అది. ఏ మాత్ర, ఎంత డోసు, ఎప్పటి నుంచి అన్నది అందులో విడిగా ఉంటుంది. మత్తు ఇచ్చేటప్పుడు అది రోగి ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి జాగ్రత్తగా అడుగుతారు. అమ్మగారు 2023 అని చెప్పి ఉంటే అక్కడ దొరుకుతుంది.

తర్వాత బీపీ మాత్ర మొదట రాసిన డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఏ తేదీన గుర్తించారో లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. 2022కి ముందు ఎప్పుడైనా హెల్త్ చెకప్, కంటి ఆపరేషన్, రక్తదానం, ఏదైనా చేయించుకుని ఉంటే ఆ కాగితాల మీద బీపీ రీడింగ్ ఉంటుంది. అన్నీ తవ్వండి.

అన్నింటికంటే ముఖ్యం, డోసు ఆగకూడదు. డబ్బు ఇబ్బంది ఉంటే మీ ఆంకాలజిస్ట్‌కి దాచకుండా చెప్పండి. ట్రాస్టుజుమాబ్‌కి మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు (దాదాపు అదే మందులాంటివి) ఉన్నాయి, ధరలో తేడా ఉంటుంది. ఏది ఇవ్వాలో ఆయనే చెప్పాలి. మీరు డబ్బు కట్టిన ప్రతిసారీ ఒరిజినల్ బిల్లు, వయల్ (మందు సీసా) మీది స్టిక్కర్, ప్రిస్క్రిప్షన్ మూడూ ఒకే కవరులో పెట్టండి. పాలసీ తిరిగొచ్చాక రీయింబర్స్‌మెంట్‌కి అవే అడుగుతారు.

కూకట్‌పల్లి_రవి

ఇంకోవైపు నుంచి ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. నిజంగా షుగరు, బీపీ ఉండి కూడా ప్రీమియం పెరుగుతుందని దాచేవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి క్లెయిముల భారం మనందరి ప్రీమియం మీదే పడుతుంది. కంపెనీ అడగడమే తప్పన్నట్టు మాట్లాడటం సరికాదు.

నెల్లూరు_ఏజెంట్

రవి గారూ, అడగడం తప్పని ఎవరూ అనలేదు. నా దగ్గర పాలసీ తీసుకునే ప్రతి ఒక్కరికీ ఉన్నదంతా రాయమనే చెప్తాను. చిన్న మాత్ర వేసుకున్నా రాయమంటాను. కానీ ఇక్కడ సమస్య వేరే. చాలా ఫారాలు ఏజెంట్లే నింపుతారు, అన్నిటికీ 'లేదు' అని టిక్ పెట్టి ఓటీపీ చెప్పమంటారు. జబ్బు చేసిన నాడు ఆ టిక్‌కి జవాబు చెప్పాల్సింది పాలసీదారు. మా వృత్తిలో ఇది చాలా పెద్ద అన్యాయం.

పైగా నిజంగానే ఒక జబ్బు చెప్పకపోయినా, రద్దు ఒక్కటే దారి కాదు. 2019 సెప్టెంబర్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల్లో వేరే దారులు చూపించారు. పాలసీదారు ఒప్పుకుంటే ఆ జబ్బు వరకు వెయిటింగ్ పీరియడ్ (కొంతకాలం ఆ జబ్బుకి కవరేజీ రాకుండా) పెట్టి పాలసీ కొనసాగించవచ్చు, లేదా అదనపు ప్రీమియం తీసుకోవచ్చు అన్నారు. రద్దు చేసే హక్కు కంపెనీకి ఉంచారు, అది నిజమే. కానీ ప్రీమియం కాస్త పెంచి సరిపెట్టుకునే బీపీ లాంటి దానికి, క్యాన్సర్ మందు నడుస్తున్న మనిషి పాలసీ మొత్తం తీసేయడం ఏ కొలతలో న్యాయం? కిరణ్ గారు ఈ ప్రశ్న ఉత్తరంలో వేయాలి.

కూకట్‌పల్లి_రవి

ఒప్పుకుంటున్నాను. వెయిటింగ్ పీరియడ్ దారి ఉందని నాకు తెలియదు.

లా_పాయింట్_గుంటూరు

వృత్తిరీత్యా వినియోగదారుల కేసులు చూస్తాను. దాచారని రుజువు చేయాల్సిన భారం కంపెనీదే, ఇది కోర్టులు పదే పదే చెప్పిన మాట. డిశ్చార్జ్ సమ్మరీలో ఒక్క వాక్యం చూపించి ఊరుకుంటే చాలదు.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి (ఫిర్యాదుల అధికారికి) రాయడం తప్పనిసరి. అదే రోజు ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. లేదా 155255కి ఫోన్ చేయండి. అక్కడ తీర్పు ఇవ్వరు, ఫిర్యాదుని కంపెనీకే పంపుతారు. కానీ ఐఆర్‌డీఏఐ కంటికి కనపడే ఫిర్యాదుని కంపెనీ కాస్త జాగ్రత్తగా చూస్తుంది.

ఆ తర్వాత నా సలహా జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివాసం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. మీరు కట్టిన ప్రీమియం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. కేసు తేలేదాకా పాలసీ కొనసాగించమని, చికిత్స ఖర్చు ఆపొద్దని. చికిత్స మధ్యలో ఉన్నవాళ్లకి కావాల్సింది అదే కదా.

బీమా_రిటైర్డ్

లాయర్ గారితో ఇక్కడ కొంచెం విభేదిస్తాను. కమిషన్లో తేదీల మీద తేదీలు పడతాయి. మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు, వస్తుందన్న హామీ లేదు. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గర ఫీజు లేదు, లాయర్ అవసరం లేదు, లాయర్లని అనుమతించరు కూడా. 50 లక్షల దాకా వాళ్లు తేల్చగలరు. కాగితాలన్నీ అందాక మూడు నెలల్లో అవార్డు (తీర్పు) ఇవ్వాలి. కంపెనీ 30 రోజుల్లో అమలు చేయకపోతే రోజుకి 5,000 రూపాయలు ఫిర్యాదుదారుకి కట్టాలి. హైదరాబాద్ ఆఫీసు పరిధిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వస్తాయి. విచారణ వీడియోలో కూడా జరుగుతుంది.

రెండూ ఒకేసారి కుదరవు, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. అదే విషయం మీద కమిషన్లోనో కోర్టులోనో కేసు ఉంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. అంబుడ్స్‌మన్ అవార్డు నచ్చకపోతే తర్వాత కమిషన్‌కి వెళ్లొచ్చు. అందుకే వరుస ముఖ్యం. గడువులు కూడా చూసుకోవాలి. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి అంబుడ్స్‌మన్‌కి ఏడాది, కమిషన్‌కి రెండేళ్లు.

లా_పాయింట్_గుంటూరు

వరుస గురించి సార్ చెప్పింది నిజం. మారటోరియం లాంటి కాగితం మీదే తేలిపోయే పాయింట్ ఉంది కాబట్టి కిరణ్ గారి కేసుకి అంబుడ్స్‌మన్ సరిపోవచ్చు. కానీ ఇంట్లో డబ్బు పూర్తిగా అయిపోయి తర్వాతి డోసే ప్రశ్నార్థకమైన కుటుంబానికి మాత్రం నేను కమిషనే చెప్తాను.

రెన్యూవల్ తేదీ ఎప్పుడు కిరణ్ గారూ? ఈ గొడవ నడుస్తుండగా ఆ తేదీ దాటిపోతే కంపెనీకి ఇంకో సాకు దొరుకుతుంది. వాళ్ల వెబ్‌సైట్ డబ్బు తీసుకోకపోతే, ప్రీమియం కట్టడానికి సిద్ధంగా ఉన్నామని తేదీకి ముందే మెయిల్ చేయండి, డీడీ తీసి రిజిస్టర్ పోస్టులో పంపండి. వాళ్లు తిప్పి పంపినా మీ వైపు లోపం ఉండదు. రెన్యూవల్ మీద 2001లో సుప్రీంకోర్టు బిమన్ కృష్ణ బోస్ కేసులో చెప్పింది చూడండి. పాలసీదారు కంపెనీ మీద కేసు వేశాడన్న కారణంతో రెన్యూవల్ నిరాకరించారు. అది అన్యాయమని, గడువు తేదీ నుంచే రెన్యూ చేయమని కోర్టు ఆదేశించింది. క్లెయిములు తీసుకున్నారన్న కారణంతో రెన్యూవల్ ఆపకూడదని ఇప్పుడు నిబంధనల్లోనే ఉంది.

కడప_అరుణ

మా వారికి డయాలసిస్ నడుస్తున్నప్పుడు మాకూ ఇలాగే జరిగింది. మాది ఇంకో రకం. రద్దు చేసి, ఆ ఏడాది ప్రీమియం మా ఖాతాలో వేసేశారు. మెసేజ్ చూసి డబ్బు వచ్చిందిలే అనుకున్నాం. మా చుట్టాల్లో బ్యాంకులో పనిచేసే అన్నయ్య వెంటనే మెయిల్ రాయించాడు, 'ఈ డబ్బు మేము అడగలేదు, దీన్ని పరిష్కారంగా ఒప్పుకోవడం లేదు, పాలసీ పునరుద్ధరిస్తే తిరిగి కట్టేస్తాం' అని. తర్వాత అంబుడ్స్‌మన్ దగ్గర కంపెనీ తరఫు మనిషి 'రీఫండ్ తీసుకున్నారు కదా' అంటే ఆ మెయిలే మమ్మల్ని కాపాడింది. కిరణ్, మీకు రీఫండ్ లేదన్నారు గానీ మధ్యలో డబ్బు వేసినా, డబ్బు ముట్టింది, ఇక బాకీ లేదు అని రాసుండే డిశ్చార్జ్ వోచర్ ఏదైనా సంతకం పెట్టమన్నా తొందరపడొద్దు. 'ఫుల్ అండ్ ఫైనల్' అన్న మాట ఉంటే అసలు పెట్టొద్దు.

అమ్మకి మాత్రం చెప్పేయండి. మావారికి దాచిపెట్టాం, ఇన్సూరెన్స్ డెస్క్ వాళ్లే నోరు జారారు. ఆ రోజు ఆయన పడిన బాధ డయాలసిస్ బాధ కంటే ఎక్కువ.

గచ్చిబౌలి_స్వాతి

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా చెల్లి కూడా చికిత్సలో ఉంది, కవరేజీ వాళ్లాయన ఆఫీసు గ్రూప్ పాలసీ. ఆయన ఉద్యోగం పోయేలా ఉంది. చివరి రోజుతో కవరేజీ ఆగిపోతుందా?

బీమా_రిటైర్డ్

స్వాతి గారూ, సాధారణంగా చివరి పనిరోజుతో ఆగిపోతుంది. అయితే అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలు నిబంధనల్లో ఉంది. గ్రూపులో గడిచిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలుస్తుంది. కంపెనీ ఆరోగ్య పరిశీలన చేయొచ్చు కాబట్టి సులువని చెప్పను. ఆయన ఇంకా ఉద్యోగంలో ఉండగానే హెచ్‌ఆర్ ద్వారా దరఖాస్తు పెట్టించండి. రిలీవ్ అయ్యాక అడిగితే దారి మూసుకుపోతుంది. వివరాలతో వేరే చర్చ మొదలుపెట్టండి, తప్పకుండా రాస్తాను.

హనుమకొండ_కిరణ్

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఏం జరిగిందో చెప్తాను. కేస్ షీట్ తీసుకున్నాం. నర్స్ అక్క చెప్పినట్టే పీఏసీ షీట్‌లో మత్తు డాక్టర్ చేతిరాతతో 'బీపీ, 2023 నుంచి, టెల్మిసార్టన్ 40' అని ఉంది. ఒకే ఆస్పత్రి ఫైల్లో రెండు రకాలుగా ఉందన్నమాట. 2021లో అమ్మ కంటి శుక్లం ఆపరేషన్ కాగితం కూడా దొరికింది, బీపీ 124/80. మా ఊరి డాక్టర్ గారు వెంటనే లెటర్ ఇచ్చారు. 2016 నుంచి పాలసీ కాపీలన్నీ వరసగా పెట్టి, మారటోరియం పాయింట్ మొదట రాసి గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పంపాను, బీమా భరోసాలో కూడా పెట్టాను. అమ్మకి చెప్పేశాను. 'బీపీ నాకు ఎప్పుడొచ్చిందో నన్నడిగితే చెప్పేదాన్ని కదరా' అంది.

నిన్న జవాబు వచ్చింది. పాలసీ పునరుద్ధరిస్తామన్నారు, మొత్తం 10 లక్షలకీ! కానీ ఒక అంగీకార పత్రం పంపారు. 'అధిక రక్తపోటు, దాని సంబంధిత గుండె, మూత్రపిండాల సమస్యలకు' మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టమంటున్నారు. క్యాన్సర్‌కి ఇబ్బంది లేదు కదా, పెట్టేయమంటున్నారు ఇంట్లో. పెట్టేయనా?

స్టాఫ్‌నర్స్_విజయవాడ

ఆగు తమ్ముడూ! ట్రాస్టుజుమాబ్ గుండె మీద ప్రభావం చూపించగల మందు. అందుకే మూడు నెలలకోసారి 2డీ ఎకో (గుండె స్కాన్) తీస్తున్నారు. రేపు గుండె పంపింగ్ తగ్గి అడ్మిట్ చేయాల్సి వస్తే, అది బీపీ వల్ల వచ్చిందని ఈ కాగితం చూపించి తిరస్కరిస్తారు. మందు మొదలుపెట్టే ముందు తీసిన ఎకో రిపోర్ట్ ఉంటుంది, దాన్ని భద్రంగా పెట్టు. అప్పుడు గుండె బాగానే ఉందని చెప్పే సాక్ష్యం అదే.

లా_పాయింట్_గుంటూరు

నర్స్ గారు చెప్పింది బంగారం లాంటి మాట, నాకు తట్టలేదు. ఇప్పుడున్న రూపంలో సంతకం పెట్టొద్దు. అసలు 2022లో బీపీ లేదని మీ దగ్గర రుజువు ఉన్నప్పుడు వెయిటింగ్ పీరియడ్‌కి ఆధారమే లేదు. ఆ పత్రం వెనక్కి తీసుకుని ఏ షరతూ లేకుండా పునరుద్ధరించమని మొదట అడగండి.

బీమా_రిటైర్డ్

నేనూ అదే అంటాను. ఒకవేళ వాళ్లు కదలకపోతే కనీసం క్యాన్సర్ మందుల దుష్ప్రభావంతో వచ్చే గుండె సమస్యలకి ఈ షరతు వర్తించదని ఎండార్స్‌మెంట్‌లోనే (పాలసీకి జతచేసే సవరణ పత్రంలోనే) రాయించుకోండి. కస్టమర్ కేర్ అమ్మాయి ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. మీరు చేతి నుంచి కట్టిన డోసు డబ్బు ఏ తేదీకి ఇస్తారో కూడా అదే మెయిల్లో అడగండి. గ్రీవెన్స్‌కి రాసిన నాటి నుంచి నెల దాటినా తేలకపోతే అంబుడ్స్‌మన్‌కి వెళ్లడానికి మీకు దారి తెరిచే ఉంటుంది, వాళ్లు సగం ఒప్పుకున్నారన్న కారణంతో అది మూసుకుపోదు.

హనుమకొండ_కిరణ్

సంతకం పెట్టలేదు సార్. మెయిల్ రాస్తున్నాను, మొదటి ఎకో రిపోర్ట్ కూడా జతచేస్తున్నాను. ఎండార్స్‌మెంట్‌లో ఆ వాక్యం ఎలా ఉండాలో మీరూ లాయర్ గారూ ఒకసారి రాసి ఇస్తే అలాగే పెడతాను. వచ్చే సోమవారం అమ్మ డోసు ఉంది, ఈలోపే పంపేయాలని చూస్తున్నాను.

లా_పాయింట్_గుంటూరు

ఇలా రాయండి: 'ఈ వెయిటింగ్ పీరియడ్ క్యాన్సర్‌కు గానీ, క్యాన్సర్ చికిత్స వల్ల లేదా ఆ చికిత్సలో వాడే మందుల వల్ల తలెత్తే గుండె సంబంధిత సమస్యలతో సహా ఏ ఇతర సమస్యకు గానీ వర్తించదు.' దాని కిందే, 2022 నాటికి రక్తపోటు ఉందన్న ఆరోపణని మేము ఒప్పుకోవడం లేదని ఒక వాక్యం కలపండి. సోమవారం ప్రీ-ఆథ్ పెట్టేటప్పుడు పునరుద్ధరణ మెయిల్ ప్రింట్ ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఇవ్వండి, క్యాన్యులా పెట్టకముందే జవాబు తెప్పించమని అడగండి. క్యాష్‌లెస్ విన్నపానికి గంటలోపు తేల్చాలని 2024 సర్క్యులర్‌లో ఉంది.